ఏడు ఎర్ర గుర్తుల కోసం తార్నాక దాకా

మన గ్రంథాలయం సారు శుక్రవారం సాయంత్రం నా సున్నం గంప దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "బాలవ్వా, పట్నం పోయొచ్చిన ముచ్చట జెప్పు, నేను రాసి పెడత. ఆదివారం అందరికి సదివి వినిపిద్దాం" అన్నారు. మన ఊళ్ళో పట్నం చూడని వాళ్ళే ఎక్కువ కాబట్టి అడిగారు. కమాన్లను కాపాడి వచ్చిందని పది మందీ నన్ను మెచ్చుకుంటున్నారు కాబట్టి కూడా అడిగారు. నాకు వచ్చిన అక్షరాలు నా పేరు రాయడానికే చాలవు, అంకెలు మాత్రం వచ్చు. నేను చెబుతున్నాను, సారు రాస్తున్నారు. మెచ్చుకోలు మాత్రం చివరిదాకా విన్న తర్వాత పెట్టుకోండి.

ఎందుకు బయలుదేరానంటే

సారు రాస్తున్న ఈ పుస్తకం పక్క ఊళ్ళకూ పోతుందట, అందుకని మీకు తెలిసిందే మళ్ళీ చెబుతున్నాను. మా ఊరి నడిబొడ్డున కమాన్ల బజారు ఉంది. స్టేషను వైపు నుంచి లెక్క పెడితే ఇరవై ఒక్క కమాన్లు. రాయి, డంగు సున్నం తప్ప వాటిలో ఇంకొకటి లేదు. మా తాతల కాలానికే అవి పాతవి. పన్నెండో కమాను కింద నేను కూర్చుంటాను. తాంబూలానికీ గోడలకూ సున్నం అమ్ముతాను. పదిహేనో కమాను కింద మేదరి లచ్చమ్మ కూర్చుంటుంది. చాటలు, గుల్లలు, బుట్టలు అల్లుతుంది. మా ఇంటాయన గచ్చు పనివాడు. పన్నెండో కమాను పైభాగం ఒక వానాకాలం కూలితే మళ్ళీ నిలబెట్టింది ఆయనే. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి నెల రోజులు సున్నం నూరాడు. ఆయన చేసిన ఆఖరి పని అది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

నిరుడు మున్సిపాలిటీ వాళ్ళు ఈ కమాన్లు తీసేసి షాపింగ్ సెంటరు కడతామన్నారు. ఆఫీసులో అద్దాల పెట్టెలో అట్టతో చేసిన బొమ్మ పెట్టారు. రెండంతస్తులు, ఇనుప షట్టర్లు, మెట్ల మీద అగ్గిపుల్లంత మనుషులు. నేనూ వెళ్ళి చూశాను. చుట్టూ తిరిగి చూసినా అందులో గంప దించుకునే చోటు కనబడలేదు. కొత్త కొట్లు వేలంలో ఇస్తారట. వేలంలో పాడేవాళ్ళు వేరే ఉంటారు, మేము కాదు.

తర్వాత యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసరు గారు, చదువుకునే ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. టేపు పట్టి కొలిచారు, ఫోటోలు తీశారు. బజారుకు సెలవు రోజున, ఎవరూ లేనప్పుడు, ఏడు కమాన్ల స్తంభాల మీద జాజుతో ఎర్రటి గుండ్రాలు గీసి రైలెక్కి పోయారు. నా ఇల్లు బజారు వెనకే కనుక నేను చూశాను. ఎర్ర గుర్తంటే మనకు ఒకటే అర్థం కదా. అడవి శాఖ వాళ్ళు కొట్టేసే చెట్టుకు పెడతారు. రోడ్డు వెడల్పు చేసిన ఏడాది కూల్చే ఇళ్ళకు పెట్టారు. గుర్తు లేకపోతే కూల్చరనుకున్నాను. జాజు తడి ఆరకముందే పీచు పెట్టి రుద్ది కడిగేశాను. ఏడింటికే సున్నం కొడితే తెలిసిపోతుందని, ఉగాది వస్తోందని చెప్పి, ఇరవై ఒక్క కమాన్లకూ నీలిమందు కలిపి కొట్టాను. తెల్లవారి అందరూ వచ్చి సంతోషపడ్డారు. లచ్చమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

పోయిన సోమవారం ఓవర్సీరు గారు వచ్చారు. మన ఊరికి బదిలీ అయి వచ్చి నెల కూడా కాలేదు. కాగితం చేత్తో పట్టుకుని వరస పొడుగునా నడిచి, తిరిగి నా దగ్గర ఆగారు.

"గుర్తులేవమ్మా? ఎవలు కొట్టిన్రు ఈ సున్నం?"

"నేనే సారు. పండుగని..."

"ఎంత పని జేసినవ్! గుర్తున్నయి ఉంచాలె, లేనియి తియ్యాలె. ఆ ఏడు కమాన్లు పాత పనితనమంట, ముంగట వరండ లెక్క ఉంచి ఎనక బిల్డింగు కడ్తరంట. నా కాగితంల ఎర్ర గుర్తువెట్టినయి అనే ఉన్నది, నెంబర్లు లెవ్వు."

"నేను సూపిస్త సారు, నా చేత్తోటే కడిగిన" అన్నాను.

"నువ్వు సూపిస్తె నేను గీస్త, రేపు పై నుంచి ఎవలన్న అడిగితే? యూనివర్సిటోళ్ళ కాగితం తే. శుక్రవారం పొద్దుగాల పని మొదలైతది. కాగితం లేకుంటే ఇరవై ఒక్కటీ తీసుడే."

ఆ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదాయన. నేనూ చెప్పలేదు. మీ అందరితో మౌలాలి గుట్టకు మొక్కుకు పోతున్నానన్నాను. అది అబద్ధం. లచ్చమ్మ నిజమనుకుని జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు కట్టి ఇచ్చింది. అరచేతిలో పట్టేంత బుట్ట ఒకటి తనే అల్లి, "గుట్ట మీద నా పేరు మీద గీ బుట్టల మిఠాయి పెట్టు" అంది.

మౌలాలి స్టేషను

మంగళవారం పొద్దున్నే వెనక సందులోంచి స్టేషనుకు పోయాను. మన ఊళ్ళో ప్రయాణానికి బయలుదేరే వాళ్ళకు నాలాంటిది ఎదురు రాకూడదు, అందుకని తొమ్మిదేళ్ళుగా నాకు వెనక సందే దారి. రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది కానీ బయట ఏముందో నేను చూడలేదు. కళ్ళు మూసుకుని ఏడు అంకెలూ వరసగా చెప్పుకున్నాను. మూడు, నాలుగు, ఎనిమిది, తొమ్మిది, పదిహేను, పద్దెనిమిది, ఇరవై ఒకటి. ఎదురుగా కూర్చున్న కుండలమ్మే ఆయన నన్ను చూసి చూసి, "ఏమవ్వా, మంత్రం సదువుతున్నవా, నా కుండలు పలుగకుండ గూడ రెండు సదువు" అన్నాడు. నవ్వబోయాను, ఎనిమిది తర్వాత ఏదో మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను.

మౌలాలిలో దిగితే తార్నాకకు దగ్గరని చెప్పారు. దిగగానే గుట్ట కనబడింది. పైన తెల్లటి దర్గా. దాన్ని చూడగానే తల దించుకున్నాను. దాని పేరు చెప్పుకునే కదా ఇల్లు దాటింది. రిక్షా అతను రూపాయి అడిగాడు.

"రూపాయెందుకు? ఎనిమిదణాలిస్త."

"అమ్మా, తార్నాక అంటే మీ ఊర్ల చావడి గాదు. రైలుపట్టాలు దాటాలె, లాలాగూడ దాటాలె, ఎండ సూడు ఎట్లున్నదో."

"ఎండ నాకు గూడ కొడ్తున్నది గద."

అతను గంట కొట్టి నవ్వి, "కూసో, పది అణాలు. ఎండ సగం నీది, సగం నాది" అన్నాడు. ఎత్తు చడావు వచ్చిన చోట దిగి నడిచాను. రిక్షా తొక్కేవాడి కష్టం చూస్తూ పైన కూర్చోవడం నాకు చేత కాలేదు. అతనికి అది కొత్త. "పట్నమోళ్ళు దిగరమ్మా" అన్నాడు.

తార్నాకలో

తార్నాకలో మా ఆడబిడ్డ రత్నమ్మ ఉంటుంది. మా ఇంటాయనకు చెల్లెలు. ఆమె భర్త రైలు కార్ఖానాలో పని చేస్తాడు. ఒకటే గది, ముందు రేకుల పంచ. మన దగ్గర తలుపు తెరిచే ఉంటుంది, మనిషి వచ్చి గడపలో నిలబడి పిలుస్తాడు. అక్కడ తలుపు మూసి ఉంటుంది, లోపలి నుంచే "ఎవలు?" అంటారు. "నేను" అన్నాను. "నేనంటే ఎవలు?" అంది రత్నమ్మ. సొంత ఆడబిడ్డ గడపలో నిలబడి నా పేరు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

తలుపు తీసి, "వదినే! గట్ల జెప్పక నేను నేనంటవేంది? మొన్న చందాకని వచ్చినోళ్ళు గూడ నేనే అన్నరు" అని నన్ను లోపలికి లాగింది.

నీళ్ళ పంపు పొద్దున ఒక గంటే వస్తుందట. బిందెల వరసలో మనిషి బదులు రాయి పెడితే ఆ రాయికి మనిషి మర్యాద ఉంటుంది, దాన్ని ఎవరూ జరపరు. ఇది మన బావి దగ్గర పెట్టినా బాగుండేది, తిట్లు తగ్గేవి. సందు చివర ఇరానీ హోటలు ఉంది. పదిహేను పైసలకు టీ. టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగుతారు, ఎంతసేపు కూర్చున్నా లేవమనరు. ఆడవాళ్ళు లోపలికి పోరు కనుక రత్నమ్మ చెంబు పట్టుకుపోయి టీ తెచ్చింది. పాలు బాగా మరిగి మీగడ వాసన వేసింది కానీ నాకు సయించలేదు. శుక్రవారం దాకా ఎన్ని పూటలున్నాయా అని లెక్క వేసుకుంటున్నాను.

"ఏంది వదినె, మొక్కు కోసం వచ్చిన మనిషివి గుట్టకాడ దిగి గుట్ట ఎక్కకుండ గిటు వచ్చినవ్?" అని అడిగింది రత్నమ్మ.

ఆమెకు నిజం చెప్పాను. ఆమె ముక్కు మీద వేలేసుకుని కూర్చుంది. "అన్న ఉంటే నిన్ను సున్నం గాబులనే ముంచుతుండె" అంది. తర్వాత లేచి నాకు ఉతికిన చీర తీసి ఇచ్చింది. "రేపు గిది కట్టుకోని పో. నీ చీరకు సున్నం మరకలున్నయి, సదువుకున్నోళ్ళ దగ్గరికి గట్లనే పోతవా?" నేను వద్దన్నాను. తెల్లారి అది ఎంత తప్పో తెలిసింది.

సున్నం గేటు

బుధవారం బస్సు దగ్గర కండక్టరు, "ఎక్కు పెద్దమ్మా, ముందుగాల నువ్వే ఎక్కు, బోణీ జేస్త" అన్నాడు. నా నుదుటి వైపు చూశాడు కూడా. చూసీ అన్నాడు. నేను వెనక్కి జరిగాను. నా వెనక ఉన్న వాళ్ళు తోశారు, ఎక్కాను. ఆ బస్సు ఎక్కడా ఆగిపోలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. దారి పొడుగునా నేను మాత్రం చక్రాల చప్పుడే విన్నాను.

యూనివర్సిటీ అంటే ఒక పెద్ద బడి అనుకున్నాను. అది ఊరంత ఉంది. చెట్లు, రోడ్లు, రాళ్ళ గుట్టలు, సైకిళ్ళ మీద పుస్తకాలు పెట్టుకుని పోయే ఆడపిల్లలు. గేటు దగ్గర అటెండరు ఒకాయన నా చీర మీది మరకలు చూశాడు. నేను నోరు తెరిచే లోపలే, "సున్నం పనికే గద? లేటొచ్చినవ్. హాస్టలు ఎనకకు పో, మేస్త్రి తిడుతున్నడు" అన్నాడు.

"కాదు నాయనా, నేను కమాన్ల..."

"కమాన్లకూ కొడ్తరు, అన్నిటికీ కొడ్తరు. నడువు నడువు."

సెలవులకు ముందు హాస్టళ్ళకు సున్నం కొట్టిస్తున్నారు. వెనక్కి పోతే మేస్త్రి నా మాట వినకుండా చేతికి కుంచె ఇచ్చాడు. అక్కడ పది మంది ఆడవాళ్ళున్నారు, ముషీరాబాదు నుంచి వచ్చిన కూలీలు. ఎవరిని అడిగినా "పని కానియ్యి, తర్వాత జెప్తం" అన్నారు. ప్రొఫెసరు గారిని వెతకవలసిన దాన్ని, పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా గోడకు సున్నం కొట్టాను. ఆ సున్నం కూడా ఏం సున్నం? మజ్జిగలా పలచన. జిగురు లేదు. చేత్తో తుడిస్తే చేతికే వస్తోంది. నాకు ఉండబట్టలేదు.

"గిది సున్నమా, బియ్యం కడిగిన నీళ్ళా? రాత్రంత నానబెట్టలేదు, వడగట్టలేదు. ఒక్క వానకు గోడ ఏడుస్తది" అన్నాను మేస్త్రితో.

పక్కనున్న కూలీ ఆడమనిషి పొట్ట పట్టుకుని నవ్వి, "అక్కా, నువ్వు కూలీవి కాదు, ఎవలు నువ్వు?" అంది. అప్పుడు వినే మనిషి దొరికింది. నా కథ చెప్పాను. ఆమె తన కుంచె పక్కన పెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, పెద్ద రాతి కాలేజీ మెట్ల దగ్గర వదిలింది.

రాతి కాలేజీ

ఆ కట్టడం గురించి చెప్పాలి. గులాబి రంగు రాయి. ముందు కమాను ఎంత ఎత్తంటే మా కమాన్లు ఒకదాని మీద ఒకటి మూడు పెట్టినా అందదు. లోపల వరండాల్లో వరసగా కమాన్లు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల రాయి చల్లగా ఉంది. నేను గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. రాయికీ రాయికీ నడుమ గోరు దూరదు. మా ఇంటాయన ఉంటే ఒక పూటంతా ఆ సందులే చూస్తూ ఉండేవాడు. దీన్ని కూల్చి షాపింగ్ సెంటరు కడతామని ఎవరూ అనరు. ఇందులో చదువుకున్న వాళ్ళుంటారు, అడిగే నోళ్ళుంటాయి. మా కమాన్ల కింద ఉండేది సున్నం, చాటలు, ఉల్లిగడ్డలు. అందుకే యాభై మైళ్ళ నుంచి ఒకరు వచ్చి ఇవి మంచివని రాస్తే తప్ప వాటికి విలువ రాలేదు. ఆ రాసింది కూడా నేనే కడిగేశాను.

ప్రొఫెసరు గారు ఢిల్లీ వెళ్ళారన్నారు. నెల దాకా రారు. గోడ పట్టుకుని కూర్చుండిపోయాను. అప్పుడు ఒక గదిలోంచి ఒక అమ్మాయి బయటికి వచ్చి నన్ను చూసి ఆగింది. మా ఊరికి టేపు పట్టుకుని వచ్చిన ఇద్దరిలో ఒకామె. పేరు వసుంధర. నల్లగొండ వైపు పిల్ల.

"నువ్వు... సున్నం అవ్వ గద? మాకు మంచినీళ్ళిచ్చినవ్."

నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆమె తల పట్టుకుంది. "అయ్యో, మేమన్నా చెప్పి పోవాల్సింది. రెడ్ మార్క్ అంటే ప్రిజర్వ్ అని మాకే తెలుసు, మీకెట్ల తెలుస్తది? మా తప్పు గూడ ఉన్నది అవ్వా."

అంత చదువుకున్న పిల్ల నా ముందు తప్పు ఒప్పుకుంది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత నేను చేసిన పని అలాంటిది.

నంబర్లున్న నోట్‌బుక్కు ప్రొఫెసరు గారి వెంట ఢిల్లీ పోయింది. ఫోటోలు ఇంకా కడిగించలేదు. "ఏడు అని పక్కా యాదున్నది. జాజు డబ్బా పట్టుకున్నది నేనే. కాని ఏ ఏడో సార్ చెప్తుంటే మా ఫ్రెండ్ గీసింది. నువ్వు కడిగినవు గద, నీకు యాదున్నయా?"

"ఉన్నయి బిడ్డా."

"అయితే నువ్వు చెప్పు, నేను టైపు జేస్త. రీడర్ గారు ఇప్పుడే వెళ్ళిపోతరు, సంతకం తీసుకుంట."

మిషను ముందు కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. మూడు అన్నాను. నాలుగు. ఎనిమిది. తొమ్మిది. ఒక్కొక్క అంకెకూ మిషను టకటకమంది. తర్వాత నా నోట్లోంచి పన్నెండు అని వచ్చింది.

నేను అనుకుని అన్నానా, అనుకోకుండా వచ్చిందా అని మీరు అడుగుతారు. మూడు రోజులుగా నన్ను నేనూ అడుగుతున్నాను. రైల్లో నూరు సార్లు చెప్పుకున్న వరసలో పన్నెండు లేదు. తప్పు దొర్లిందని చెప్పుకోలేను. మా ఇంటాయన చేతులు పడ్డ కమాను అది. కొత్త పని కనుక ప్రొఫెసరు గారు దానికి గుర్తు పెట్టలేదు. అది పోతే నేను కూర్చునే చోటూ పోతుంది, ఆయన చేసిన పనీ పోతుంది. అమ్మాయి వేళ్ళు అప్పటికే కదిలాయి. ఏడుకు మించి చెప్పలేను, ఏడన్న సంగతి ఆమెకు తెలుసు. పద్దెనిమిది, ఇరవై ఒకటి అని ముగించాను.

పదిహేను చెప్పలేదు. పదిహేను లచ్చమ్మ కమాను.

వసుంధర కాగితం తీసి, సంతకం చేయించి, స్టాంపు వేయించి, మడిచి నా చేతికి ఇచ్చింది. "ఇగ భయం లేదు అవ్వా" అంది.

మూత పడ్డ గది

ఆ సాయంత్రం తార్నాకలో రత్నమ్మ ముందు లచ్చమ్మ కట్టిచ్చిన మూట విప్పాను. జొన్నరొట్టె రెండో రోజుకు గట్టిపడుతుంది, తొక్కు మాత్రం ఇంకా ఘాటుగా ఉంది. చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"ఏంది వదినె, రొట్టెకు మొక్కుతున్నవా? తిను. పని అయిపాయె గద" అంది రత్నమ్మ.

పని అయిందని నేనే ఆమెకు చెప్పాను. కాగితం తీసి చూశాను. ఇంగ్లీషు నాకు రాదు, అంకెలు వచ్చు. 12 నల్లగా, నిటారుగా కనబడుతోంది. కాగితం మడిచి రొంటిన పెట్టుకున్నాను. మళ్ళీ తీశాను. రత్నమ్మ చూసి, "ఎన్నిసార్లు సూస్తవ్, అండ్ల అంకెలు ఈగల్లెక్క లేసిపోతయా?" అంది. లేచిపోతే బాగుండును.

గురువారం మొదటి బస్సుకు మళ్ళీ యూనివర్సిటీకి పోయాను. ఈసారి రత్నమ్మ చీర కట్టుకున్నాను, ఎవరూ ఆపలేదు. గదికి తాళం వేసి ఉంది. నిన్న నన్ను సున్నం పనికి పంపిన అటెండరే వరండాలో బెంచీలు సర్దుతున్నాడు.

"వసుంధర మేడమా? నిన్న సాయంత్రమే ఊరికి వాయె. సెలవులు గద. జూన్ల వస్తది."

కాగితం తీసి చూపించాను. "నాయనా, గీ పన్నెండు పదిహేను కావాలె. ఎవలన్న దిద్దుతరా?"

అతను కాగితం ముట్టుకోకుండానే వెనక్కి జరిగాడు. "స్టాంపు పడ్డ కాగితం మీద గీత గీస్తే నా నౌకరి పోతది తల్లీ. ఎందుకు, తప్పు వడ్డదా?"

"పడ్డది."

"ఎవల్ది తప్పు? టైపుదా?"

టైపుదే అని అంటే సరిపోయేది. ఆ పిల్ల మీద వేయడానికి నోరు రాలేదు. కాదని చెప్పడానికి కూడా రాలేదు. కాగితం మడిచాను. అతను కూజాలోంచి గ్లాసు నీళ్ళు వంచి ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

గుట్ట మీద

రైలు మధ్యాహ్నానికి కానీ లేదు. మౌలాలి గుట్ట ఎక్కాను. ఎన్ని మెట్లో లెక్కపెట్టలేదు, మోకాళ్ళే లెక్కపెట్టాయి. కింద మిఠాయి కొని లచ్చమ్మ అల్లిన బుట్టలో పోసుకున్నాను. మన బజారు బుట్టను చూసి మిఠాయి కొట్టాయన, "ఎవలల్లిన్రు? మా దగ్గర ఇంత సన్నం అల్లిక దొరకది" అన్నాడు. ఎవరు అల్లారో చెప్పి పైకి పోయాను.

పైన గాలి బాగా వీస్తోంది. హిందువులు, తురకలు అందరూ ఒకే వరసలో నిలబడ్డారు. అక్కడి ముసలాయన బుట్ట అందుకుని, "ఎవరి పేరు మీద?" అని అడిగాడు.

"లచ్చమ్మ."

"మొక్కేంది?"

మన దగ్గర ఇది ఎవరూ పైకి అడగరు. మొక్కు మనసులో ఉంటుంది. ఇక్కడ అడుగుతారని నాకు తెలియదు. లచ్చమ్మ ఏం మొక్కుకుందో ఆమె నాకు చెప్పలేదు, కానీ నాకు తెలుసు. బజారులో ఆర్నెల్లుగా ఎవరి మొక్కయినా ఒకటే.

"ఆమె కూసునే జాగ ఆమెకు ఉండాలెనని" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని పెదవులు కదిపాడు. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. సగం మిఠాయి అక్కడ ఉంచుకుని సగం తిరిగి ఇచ్చాడు. అది గురువారం రాత్రి లచ్చమ్మకు ఇచ్చాను. కళ్ళకద్దుకుని తిన్నది.

ఊరికి వచ్చాక

శుక్రవారం పొద్దున ఓవర్సీరు గారి చేతిలో కాగితం పెట్టాను. నోరు తెరవలేదు. ఆయన ఏడు కమాన్లకు ఎర్ర గుండ్రాలు గీయించారు. ఎర్ర గుర్తంటే ఉంచేదని అప్పుడు అందరికీ తెలిసింది. నేను మొక్కుకు కాక దీనికోసమే పోయానని కూడా తెలిసింది. బజారంతా నా చుట్టూ మూగింది. అదే రోజు గడ్డపారలు ఒకటి, రెండు, అయిదు కమాన్లను తీశాయి. మన పాత సున్నం అంత సులువుగా రాదు. ఒక్కో రాయికి నలుగురు వేలాడారు. ఈ రోజు శనివారం, ఆరు, ఏడు, పది తీశారు. సారు ఇది రాస్తుంటే కిటికీలోంచి దుమ్ము వస్తోంది, కాగితం తుడిచి తుడిచి రాస్తున్నారు. రేపు ఆదివారం పని లేదు. సోమవారం పదకొండు, పదమూడు, పద్నాలుగు. ఆ తర్వాత పదిహేను.

లచ్చమ్మ నిన్న తన చాటలన్నీ మోసుకుపోయి ఇంట్లో పెట్టుకుంది. "నా మొక్కు అందలేదు బాలవ్వా, నీదన్న నిలిచె, గంతే సాలు" అంది. తన బుట్టలు నాలుగు నా కమాను కింద పెట్టుకోనిస్తానా అని అడిగింది. అడగడానికి మొహమాటపడింది.

పదిహేను గురించి నేను చెప్పిన చోట సారు కలం ఆపి నా వైపు చూశారు. రాయండి అన్నాను. ఇది రేపు గ్రంథాలయంలో చదువుతారు. ఓవర్సీరు గారు వినడానికి వస్తానన్నారు. లచ్చమ్మ ప్రతి ఆదివారం వస్తుంది. నేను ముందు వరసలో కూర్చుంటాను. స్టాంపు ఉన్న కాగితం ముందు నా మాట చెల్లుతుందో లేదో నాకు తెలియదు. అందుకే పది మంది వింటుండగా చెప్పిస్తున్నాను. పన్నెండో కమానుకు గుర్తు లేదు. పదిహేనో కమానుకు ఉండేది. దీన్ని అంకెల్లో వద్దని, అక్షరాల్లోనే రాయించాను. కింద నా వేలిముద్ర ఉంది.

లచ్చమ్మా, ఇంకా కూసోనే ఉంటే, లేసి పోకు. నన్ను తిట్టేది తర్వాత తిట్టు. ముందుగాల ఓవర్సీరు సారు ఏమంటడో విను.